ఐదో నెలలో దిగని అంకె

సబ్‌సెంటర్ ముందు పోలీసు జీపు ఆగేసరికి తొమ్మిదీ పది. అప్పటికే పావుగంట నుంచి నేను రిజిస్టరు ముందు కూర్చుని ఉన్నాను.

"డిటెక్టివ్‌గారికి గవర్నర్‌పేటలో తప్పిపోయిన కుక్కలేం దొరకలేదా?" అన్నాడు ఎస్సై సాయిగణేష్, గుమ్మం దాటుతూనే.

"ఉన్నాయండీ. పాపం అవి వాసన చూశాక గానీ కరవవు" అన్నాను.

ఆయన నవ్వలేదు. నేను ముప్పై ఏళ్ళు హెడ్ కానిస్టేబుల్‌గా చేసి బయటికి వచ్చినవాణ్ణి. ఆయనకి ముప్పై ఏళ్ళు నిండాయో లేదో. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు. అందులో దాపరికం లేదు.

కేసు చిన్నది. పామర్రుకి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊళ్ళో రత్తయ్య అనే పెద్ద రైతు కోడలు కీర్తన, ఎనిమిదో నెల గర్భిణి. పన్నెండు రోజుల కిందట, ఏడో తారీఖు ఆదివారం తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. పటమటలో ఒక నర్సింగ్ హోమ్‌లో చేర్చారు. సాయంత్రం 5:40కి పోయింది. బిడ్డని మాత్రం దక్కించారు. అంతకు నాలుగు రోజుల ముందు, బుధవారం నాడు, ఈ సబ్‌సెంటర్ నర్సు శౌరమ్మ ఆ అమ్మాయికి బీపీ చూసింది. ఇంటికిచ్చే గర్భిణి కార్డులో కీర్తనకి ఆ రోజు 120/80 అని ఉంది. శౌరమ్మ రిజిస్టరులో 148/98 అని ఉంది. కింద ఎర్ర ఇంకుతో 'వెంటనే పెద్దాసుపత్రికి' అని కూడా ఉంది.

రెంట్లో ఒకటి అబద్ధం. శౌరమ్మదే అబద్ధమని రత్తయ్య ఫిర్యాదు. నన్ను పిలిచింది శౌరమ్మ కూతురు ఏంజెల్.

"సాయంత్రం నాలుగింటికి అరెస్టు" అన్నాడు సాయిగణేష్. "పిల్లని సరిగ్గా చూడకుండా బాగుందని పంపింది. చచ్చాక రిజిస్టరు తిరగరాసింది. చూడండి, ఆర్నెల్ల రాతా ఒకే పెన్నుతో ఉంది."

"నేను పెన్నులు డజను కొంటానండీ" అంది శౌరమ్మ. "ఇరవై రెండేళ్ళ రాతా ఒకే రకం పెన్నుతోనే ఉంటది. అదిగో, బీరువా తీసి చూసుకోండి."

యాభై నాలుగేళ్ళ మనిషి. ఇస్త్రీ నలగని చీర. కుర్చీ ఉన్నా కూర్చోలేదు.

బీరువా నేను తీశాను. ఇరవై రెండు రిజిస్టర్లు, అన్నిటికీ గోధుమరంగు అట్టలు, వీపు మీద సంవత్సరాలు. గది అంతా అలాగే ఉంది. బల్ల మీద పాదరసం బీపీ మిషను మూత తుడిచి ఉంది. స్టెతస్కోపు గొట్టం మెలిక లేకుండా చుట్టి ఉంది. ఇలాంటి మనిషి అబద్ధం రాయదని చెప్పలేను. నా భార్య పోయిన రోజు ఆ ఆసుపత్రిలో కాగితాలన్నీ ఇంత శుభ్రంగానే ఉన్నాయి. అప్పట్నుంచి శుభ్రమైన కాగితాన్ని నేను ఊరికే నమ్మను.

కీర్తన పేజీ తీసి, ఎస్సై ఫోన్లో ఉన్న కార్డు ఫోటో పక్కన పెట్టాను. కార్డు లోపలి పేజీ ఒక్కటే ఫోటో తీశాడు.

రిజిస్టరులో మూడో నెల 112/72. ఐదో నెల 100/62. ఆరో నెల 102/64. ఏడో నెల 112/74. ఎనిమిదో నెల మొదట్లో 128/86. ఆ బుధవారం 148/98.

కార్డులో 110/70, 112/72, 114/74, 116/76, 118/78, 120/80. మెట్లెక్కినట్టు. అంకెలే కాబట్టి ఎవరి రాతో చెప్పడానికి లేదు.

"ఐదో నెలలో ఎందుకు తగ్గిందమ్మా?" అని అడిగాను.

"తగ్గాలండీ. తగ్గకపోతే నాకు భయం" అంది శౌరమ్మ. "కాలవలోకి నీళ్ళు ఒకటిన్నర రెట్లు వదిలారనుకోండి. గట్లు ఉన్నవి ఉన్నట్టే ఉంటే ఏమయిద్ది?"

"తెగిద్ది."

"కడుపుతో ఉన్న మనిషికి రక్తం దాదాపు అంత పెరిగిద్ది. అందుకని ముందే రక్తనాళాలు వదులయ్యి వెడల్పయిద్ది దారి. రక్తం పెరిగినా ఒత్తిడి తగ్గిద్ది. ఐదారు నెలలకి బాగా కిందకి దిగిద్ది. ఏడు దాటాక మెల్లిగా మామూలు మట్టానికి వచ్చిద్ది. కొందరికి మాత్రం ఆ నాళాల లోపలి పొర దెబ్బతింటది. వదులు కావాల్సినవి బిగుసుకుంటాయి. అప్పుడు ఒక్కసారిగా పైకి లేచిద్ది. మా అమ్మమ్మ వాళ్ళు గుర్రపువాతం అనేవాళ్ళు."

నేను మిగతా రిజిస్టర్లు తిప్పాను. ఇరవై పేజీలు, ఇరవై మంది ఆడవాళ్ళు. కూలిపనికి పోయేవాళ్ళు, టీచర్లు, రైతుల ఇళ్ళవాళ్ళు. ఎవరి అంకెలు వాళ్ళవే. కానీ దాదాపు అందరి అంకెలూ నడుమ నెలల్లో కిందికి దిగి, మళ్ళీ పైకి వచ్చాయి. కార్డులో అంకె ఒక్కటే దిగలేదు.

"కార్డు దొంగది, ఎస్సైగారూ. కడుపు పెరిగే కొద్దీ బీపీ కూడా పెరుగుతుందనుకున్నవాడు రాసింది."

"కాదు" అన్నాడు ఆయన. తెలివైనవాడే. "ఈవిడ మిషను ముట్టుకోకుండా నెలనెలా కార్డులో నోటికొచ్చింది రాసింది. పిల్ల చచ్చాక, తనకి తెలిసిన విద్యంతా వాడి రిజిస్టరు జాగ్రత్తగా దిద్దింది. దిగాలని ఈవిడకి తెలుసుగా. ఇప్పుడు మీకే పాఠం చెప్పిందిగా."

నేను రిజిస్టరు మూశాను.

"పిల్లని పంపమని చెప్పాక మళ్ళీ కనుక్కున్నారా?" అని శౌరమ్మని అడిగాను.

"గురువారం ఫోన్ చేశాను. రత్తయ్యగారు ఎత్తారు. 'చేర్చాం, బాగానే ఉంది' అన్నారు." ఆమె గొంతు మొదటిసారి తగ్గింది. "పెద్దమనిషి మాట. నమ్మాను. నేను వెళ్ళి కళ్ళతో చూడలేదు. అది నా తప్పు. ఎక్కడైనా ఒప్పుకుంటాను. రాతలో మాత్రం నాది తప్పు లేదు. ఇరవై రెండేళ్ళలో నా చేతి కింద ఒక్క తల్లి పోలేదండీ. ఈ పిల్ల మొదటిది."

"రెండు నిమిషాల కాల్ ఉంది. ఏం మాట్లాడుకున్నారో దేవుడికెరుక" అన్నాడు సాయిగణేష్, జీపు వైపు నడుస్తూ. "నాలుగింటికి, బసవయ్యగారూ. గడియారం చూసుకోండి."

*

పటమటలో నర్సింగ్ హోమ్ మెట్లెక్కేసరికి 11:40.

నా లెక్క తేలిగ్గానే ఉంది. కార్డు పోలీసులకి చేరింది ఆసుపత్రి నుంచి. తల్లి పోయింది ఆసుపత్రిలో. తమ ఆలస్యం కప్పిపుచ్చుకోవడానికి కార్డు మార్చేసి, తప్పు పల్లెటూరి నర్సు నెత్తిన రుద్దారు. డాక్టర్ ఛాయాదేవి ఎదుట కూర్చుని ఆ మాటే ముఖాన అన్నాను.

అరవై దాటిన మనిషి. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"కార్డు ఇటివ్వండి."

ఎస్సై దగ్గర తీసుకున్న ఫోటో నా ఫోన్లో చూసింది. పది సెకన్లు పట్టలేదు.

"బసవయ్యగారూ, నన్ను దొంగ అనండి, పడతాను. చదువురాని దొంగ అంటే ఊరుకోను. నేనే రాస్తే ఐదో నెలలో పది పాయింట్లు దించి రాస్తాను. మెడిసిన్ రెండో ఏడు చదివే పిల్లకి కూడా తెలిసిన సంగతి ఇది. నా దగ్గర ఆయాకి కూడా తెలుసు. పిలవమంటారా?"

"వద్దండీ."

"పిలుస్తాను. మరియదాసూ, మీ ఆవిణ్ణి రమ్మను!" అని బయట ఉన్న వార్డుబాయ్‌ని కేకేసింది.

ఆయా వచ్చింది. తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ నిలబడింది. "ఐదో నెలలో బీపీ ఏమవుతుందే?" అంటే, "దిగుద్దమ్మా. లేచేటప్పుడు కళ్ళు తిరుగుతాయని అందుకే నెమ్మదిగా లేవమంటాంగా" అని చెప్పి పనికి పోయింది.

నా లెక్క అక్కడ విరిగిపోయింది. వైద్యం తెలిసినవాళ్ళెవరూ ఈ కార్డు ఇలా రాయరు. శౌరమ్మ కూడా, నిర్లక్ష్యంగా రాసినా సరే, ఇలా రాయదు. చెయ్యి తిరిగిన వంటమనిషి కళ్ళు మూసుకున్నా పాయసంలో ఉప్పు వెయ్యదు.

"మరి మీరప్పుడే ఎందుకు కనిపెట్టలేదు?" అన్నాను.

ఆమె కేస్ షీటు తీసి నా ముందుకి తోసింది.

"చదవండి. ఉదయం 6:20, 190/124. దారిలో రెండు ఫిట్స్. కింద నా చేత్తో రాశాను, 'కార్డు తేలేదు' అని. కార్డు ఎక్కడని గట్టిగా అరిచాను కూడా. బీపీ ఎవరూ చూడలేదా, ఎవరూ పంపించలేదా అని. కార్డు వచ్చింది మధ్యాహ్నం 2:15కి. అప్పటికి నా చేతిలో పోతున్న తల్లి ఉంది, ఏడుపు రాని బిడ్డ ఉంది. ఆఖరి అంకె ఒక్కటే చూశాను. మిగతావి చూడాల్సింది. చూడలేదు."

"తెచ్చిందెవరు?"

"మామగారు. పొద్దున ఎనిమిదింటికి బట్టలు తెస్తానని వెళ్ళాడు. బట్టలతో పాటు కార్డు తెచ్చాడు."

ఎనిమిది నుంచి రెండూ పావు. ఊరికి గంటంపావు, తిరుగు గంటంపావు. మధ్యలో మూడున్నర గంటలు పైనే. ఆరు వరసల అంకెలు రాయడానికి చాలా ఎక్కువ.

కార్డు జిరాక్సు అన్ని పేజీలూ అడిగి తీసుకున్నాను. ఎస్సై ఫోటో తీయని వెనక అట్ట మీద, మూలన, బాల్‌పెన్నుతో చిన్నగా 417 అని ఉంది. అచ్చు వేసింది కాదు. చేత్తో వేసింది.

శౌరమ్మకి ఫోన్ చేశాను. టైము 12:25.

"కార్డుల వెనక నంబరు వేస్తారా మీరు?"

"ప్రభుత్వం వెయ్యదండీ, నేనే వేస్తాను. జనం కార్డులు పారేసుకుంటారు, ఒకళ్ళది ఇంకొకళ్ళు తెస్తారు. కట్ట రాగానే అన్నిటికీ వరసగా వేసి, ఎవరికిచ్చానో చిన్న పుస్తకంలో రాసుకుంటా. ఇరవై రెండేళ్ళ నుంచీ అదే అలవాటు. కీర్తనది 362."

"417 ఎవరిది?"

కాగితాలు తిరగేసిన చప్పుడు.

"శ్రీదుర్గదండీ" అంది చివరికి. "రత్తయ్యగారి అమ్మాయి. పురిటికి ఏడో నెలలో పుట్టింటికి వచ్చింది. వివరాలు తెస్తే నింపుతానని కార్డు ఖాళీగానే ఇచ్చాను. ఆ రోజు 124/82 ఉంది. ఏడో నెలకి నాకు నచ్చలేదు. తర్వాత రెండుసార్లు వెళితే నిద్రపోతోంది అని గుమ్మంలోంచే పంపేశారు. కీర్తన పోయాక అసలు గేటే తియ్యలేదు." ఊపిరి పీల్చుకుంది. "బసవయ్యగారూ, నేను ఆ పిల్లని చూసి ఆరు వారాలయింది. ఇప్పుడు దానికి ఎనిమిదో నెల."

"మీరు అక్కడికి వెళ్ళకండి. మీ మీద కేసుంది. నేను వచ్చేదాకా ఆగండి" అన్నాను.

"మొన్న ఫోన్‌తో సరిపెట్టుకున్నానండీ. ఇంక ఆగను" అని పెట్టేసింది.

వెంటనే సాయిగణేష్‌కి ఫోన్ చేసి ఆ నంబరు చెప్పాను. "సాయంత్రం దాకా ఎందుకు, అరెస్టు చెయ్యాల్సింది ఎవర్నో రత్తయ్యగారింట్లోనే తేల్చుకుందాం రండి" అన్నాను.

*

ఉయ్యూరు దగ్గర లారీలు అడ్డంపడ్డాయి. నేను చేరేసరికి 2:50.

రత్తయ్య ఇంటి గేటు మూసి ఉంది. గేటుకి ఇవతల శౌరమ్మ, చేతిలో బీపీ పెట్టె, భుజాన మందుల సంచి. అవతల రత్తయ్య, తెల్లచొక్కా, మడతపెట్టిన చేతులు. గంటన్నర నుంచి ఇద్దరూ అలాగే ఉన్నారట. చుట్టూ పాతికమంది జనం. ఎవరో "హంతకురాలు" అన్నారు. ఆమె అటు తిరగలేదు. నా వెనకే జీపు వచ్చి ఆగింది.

"ఎస్సైగారూ, దీన్ని తీసుకుపోండి ఇక్కణ్ణుంచి" అన్నాడు రత్తయ్య. "నా కోడల్ని చంపింది. ఇప్పుడు నా కూతురి మీద పడింది."

"ఒక్క ప్రశ్నండీ" అన్నాను. "ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఆసుపత్రి నుంచి ఇంటికెందుకు వచ్చారు?"

"బట్టలకి."

"బట్టలకి మూడున్నర గంటలా? మీరు ఇచ్చిన కార్డు నంబరు 417. అది మీ అమ్మాయి కార్డు. మీ కోడలి కార్డు ఏదీ?"

"నువ్వెవడివయ్యా నన్ను అడగడానికి?"

"నేను అడుగుతున్నా" అన్నాడు సాయిగణేష్. జిరాక్సు నా చేతిలోంచి లాక్కుని వెనక అట్ట చూశాడు. శౌరమ్మ చిన్న పుస్తకం తెరిచి అందించింది. రెండూ పక్కపక్కన పెట్టి చూసి, తలెత్తాడు. "కోడలి కార్డు ఏదండీ?"

రత్తయ్య బదులు మాట్లాడింది అరుగు మీద నిలబడ్డ ఆయన భార్య బుల్లెమ్మ.

"నా దగ్గరుందయ్యా."

"నువ్వు లోపలికి పో!"

"కాల్చమని నాకిచ్చారు" అంది ఆమె, ఆయన వైపు చూడకుండా. "కోడలు ఆ కార్డు ఇంటికి తెచ్చిన రోజు నాలుగు మూలలా పసుపు పెట్టి దేవుడి దగ్గర ఉంచానయ్యా. పసుపు పెట్టిన కాగితం ఎట్టా కాలుస్తాను? బియ్యం డబ్బా అడుగున పెట్టాను. బుధవారం నర్సమ్మ పొమ్మంది. సోమవారంతో తొమ్మిదో నెల వచ్చిద్ది, అప్పుడు పోదాం అన్నారు ఈయన."

"ఎనిమిదో నెల పిల్ల కాలవ దాటదు!" రత్తయ్య గొంతు జనం అందరికీ వినపడింది. "మా ఇంటా వంటా లేదు. మా అమ్మ దాటలేదు, నా పెళ్ళాం దాటలేదు. రేపు ఊళ్ళో నా మొహాన, కాగితం ఉండి కూడా కోడల్ని చంపుకున్నాడంటే నేనెట్టా బతకాలి?"

"బతకండి" అన్నాను. "ఆ అమ్మాయికి ఆ అవకాశం లేదు."

బుల్లెమ్మ అరుగు దిగి వచ్చి గేటు గడియ తీసింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన మాట కాదని ఆమె చేసిన మొదటి పని అదే అయి ఉంటుంది.

శౌరమ్మ లోపలికి వెళ్ళింది. మేమూ వెళ్ళాం. మధ్యగదిలో కర్టెన్లు వేసి ఉన్నాయి. శ్రీదుర్గ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కాళ్ళు వాచి పట్టీలు చర్మంలోకి దిగాయి.

"ఎన్నాళ్ళ నుంచే తలనొప్పి?" అంది శౌరమ్మ, బీపీ మిషను పట్టీ చేతికి చుడుతూ.

"మూడు రోజులండీ. కళ్ళముందు మెరుపుల్లాగా వస్తున్నాయి. నాన్నకి చెప్పొద్దంది అమ్మ, కోప్పడతాడని."

బుల్లెమ్మ బియ్యం డబ్బాలోంచి తీసిన కార్డు ఎస్సైకి ఇచ్చింది. మూలలా పసుపు. లోపల రిజిస్టరులో ఉన్న అంకెలే, ఐదో నెలలో దిగి, చివర్న ఎగిరి. కింద ఎర్ర అక్షరాలు. సాయిగణేష్ ఆ కార్డుని శౌరమ్మకి చూపించబోయాడు. ఆమె నిర్దోషి అని చెప్పే కాగితం. ఆమె చెయ్యి ఎత్తి ఆపింది. చెవుల్లో స్టెతస్కోపు ఉంది, కళ్ళు పాదరసం మీద ఉన్నాయి.

పాదరసం దిగింది. ఆమె గాలి పూర్తిగా వదిలి, నిమిషం ఆగి, మళ్ళీ ఎక్కించింది. మళ్ళీ చూసింది.

"172/114."

సంచిలోంచి ఇంజక్షన్లు తీసింది. సాయిగణేష్ అడుగు ముందుకి వేశాడు.

"అమ్మా, కేసు ఇంకా నడుస్తోంది. ఈ పిల్లకి ఏమన్నా అయితే రెండోది మీ మీదకి..."

"రాసుకోండి" అంది. "టైము కూడా రాయండి. మూడూ ఎనిమిది. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం మొదటి డోసు, రెండు తుంటి వైపులా. ఇచ్చింది శౌరమ్మ. బసవయ్యగారూ, పటమట డాక్టరమ్మకి ఫోన్ చేసి ఆ అంకె చెప్పండి. అంకె చాలు, ఆవిడకి అర్థమవుద్ది."

చెప్పాను. "థియేటరు సిద్ధంగా ఉంటుంది. ఎవరు పంపుతున్నారు?" అని అడిగింది డాక్టర్ ఛాయాదేవి. శౌరమ్మ అన్నాను. "అయితే అంకె సరైనదే" అని పెట్టేసింది.

108 వచ్చేసరికి ముప్పావుగంట పడుతుందన్నారు. జీపు వెనక సీటు మీద పరుపు వేశాం. రత్తయ్య జీపుకి అడ్డం వచ్చి నిలబడ్డాడు. సాయిగణేష్ ఆయన్ని రెండు చేతులతో పక్కకి జరిపి, కానిస్టేబుల్‌కి అప్పగించాడు. జనంలో ఇప్పుడెవరూ ఏమీ అనలేదు. వాళ్ళని నేను క్షమించను. వాళ్ళకి నా క్షమతో పని కూడా లేదు.

ఎస్సై తనే స్టీరింగు పట్టాడు. నేను పక్కన. వెనక శౌరమ్మ ఒళ్ళో శ్రీదుర్గ తల. మూడూ ఇరవై ఆరుకి జీపు కాలవ వంతెన ఎక్కింది. ఎండ నేరుగా అద్దం మీద పడుతుంటే మేం కళ్ళు చికిలించుకుని చూస్తున్నాం.

"నర్సమ్మగారూ, మెరుపులు పోయాయండీ" అంది శ్రీదుర్గ.

"మంచిది తల్లీ. నా మొహం కనపడుతోందా?"

శ్రీదుర్గ చెయ్యెత్తి శౌరమ్మ మొహం తడిమింది.

"అప్పుడే పొద్దుగూకిందా? ఏం కనపడటం లేదేంటి?"

సాయిగణేష్ చెయ్యి సైరన్ మీదకి పోయింది.

"వద్దు" అంది శౌరమ్మ. గొంతు పెంచలేదు. "ఆ చప్పుడుకే ఫిట్స్ వస్తాయి. గోతుల్లో వెయ్యకండి. బ్రేకు కొట్టకండి. ఎనభైకి తగ్గకండి. నేను చెప్పేదాకా ఎవరూ మాట్లాడొద్దు."

ఆయన సైరన్ మీంచి చెయ్యి తీశాడు. పొద్దున్నించి ఆమెని పేరుపెట్టి కూడా పిలవని మనిషి.

"సరే మేడమ్" అన్నాడు.